జీపు మెడ మీద జాలి

ఇంటిని బండి వెనక కట్టుకొని ఊళ్లు తిరగాలనే సరదా ఈమధ్య మన పిల్లలకూ పట్టుకుంది. మా వీధి చివరింట్లో ఒక జంట ఉంది. చక్రాల మీద పడక, పొయ్యి, నీళ్ల తొట్టి అన్నీ ఉన్న ట్రైలర్ ఒకటి కొంటారట. "అంకుల్, మీరు సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటిది లాగారటగా, నాలుగు టిప్పులు చెప్పండి" అని వచ్చారు. లాగానమ్మా. నేను దాన్ని లాగింది కొన్ని నెలలే. అది నన్ను ఇప్పటికీ లాగుతూనే ఉంది.

టిప్పులంటే నాకు తెలిసినవి హోటల్లో వదిలేసి వచ్చేవి. అవీ నేను పెద్దగా వదిలింది లేదు. అందుకని వాళ్లకు టీ ఇచ్చి, ఒకే ఒక్కరోజు సంగతి చెప్పాను. విన్నాక ఆ అమ్మాయి కప్పు చేతిలో పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయింది. టీ మీద మీగడ కట్టింది. అదే సంగతి ఇప్పుడు మీకు చెప్తున్నాను. టీ మాత్రం ముందే తాగేయండి.

రెండువేలు దాటిన తొలి ఏళ్ల మాట. భూమి లోపల నీళ్లెక్కడున్నాయో వెతికే ఒక సర్వే ఆఫీసులో నేను జీపు డ్రైవర్ని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ అప్పుడు ఒకే పాలమూరు జిల్లా. మా బృందంలో నలుగురం. రాళ్లను చూసి నీళ్ల జాతకం చెప్పే మేడం ఒకరు. భూమిలోకి కరెంటు పంపి మీటర్ల మీద లెక్క రాసుకునే టెక్నీషియన్ ఒకాయన, ఆయన్ని మేం మీటరు సారు అనేవాళ్లం. మూడో మనిషి వంటక్క. రోజుకూలీ మీద మాకు వండిపెట్టే ఆమె. నాకంటే నాలుగైదేళ్లు పెద్దది, నన్ను తమ్మీ అనేది. నాలుగోవాణ్ణి నేను.

లింగాల అవతల ఊళ్లలో నెలల తరబడి మకాం వేయాల్సి వచ్చేది. మగవాళ్లం బడి వరండాలో పడుకుంటాం. మేడానికి, అక్కకు తలుపు గడియ పడే గది దొరికేది కాదు. స్నానానికి చాటు ఉండేది కాదు. మేడం ఏడాది పాటు కాగితాల మీద కాగితాలు రాసి, ఆఖరికి ఒక ట్రైలర్ మంజూరు చేయించింది. హైదరాబాదులో ఒక షెడ్డులో తయారుచేస్తారు, పోయి చూసుకోండి అన్నారు. లాగేవాణ్ణి నేనే కాబట్టి నన్నూ తీసుకుపోయింది. ఒక డ్రైవరు మాటకు విలువిచ్చిన మొదటి ఆఫీసరు ఆమె. ఆ విలువకు నేనేం చేశానో చూడండి.

షెడ్డులో రెండు ట్రైలర్లున్నాయి. ఒకటి పొట్టిది. గ్యాస్ సిలిండరుకు బయట ముందువైపు వేరే పెట్టె ఉంది. వెనక గోడకున్న కిటికీ మొత్తం తోస్తే ఊడిపోయేది. రెండోది పొడుగుది. అద్దం ఉంది, పరదాలున్నాయి, వెనకవైపు పెద్ద అలమర. నేను పెళ్లిచూపులకు పోయినవాడిలా పరదాలు చూశాను. ఇరుసు ఎక్కడుందో చూడలేదు. టైర్లు ఏ సంవత్సరానివో చూడలేదు. పొడుగుదే బాగుంది మేడం అన్నాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను? "కిటికీలకు కడ్డీలు లేవేంది?" అని అడిగాను.

షెడ్డు యజమాని నవ్వాడు. "భాయ్, ఇది బండి. ఇల్లు కాదు."

"పడుకుంటరు, వండుకుంటరు. ఇల్లు కాకపోతే మరేంది? లోపల మీటర్లుంటయి, ఆడమనుషులుంటరు. కడ్డీలు లేని కిటికీ ఎవరన్న పెట్టుకుంటరా?"

మన దగ్గర ఇంటికి పునాది లేకపోయినా చెల్లుతుంది, కిటికీకి కడ్డీ లేకపోతే చెల్లదు. ఆయన తల గోక్కొని, ఇనుప చట్రంలో కడ్డీలు వేసి, ఆ చట్రాన్ని బయటనుంచి కిటికీకి మరలతో బిగించాడు. బిల్లు మీద "పార్టీ కోరిక మేరకు" అని రాశాడు. ఆ పార్టీని నేనే.

అక్కకు మాత్రం ఆ ట్రైలర్ అంటే ప్రాణం. మొదటిరోజు లోపలికి పోయి తలుపు గడియ నాలుగుసార్లు వేసి తీసి చూసింది. "గడియ వడ్తుంది మేడం" అని ఆమె చెప్పిన తీరు నాకింకా గుర్తుంది. ఊళ్లల్లో జనం దాన్ని ఇల్లుబండి అనేవాళ్లు. సాయంత్రమైతే ముసలమ్మలు వచ్చి లోపలికి తొంగిచూసి, "పొయ్యి గూడ ఉన్నదే! ఇగ మొగోని తోటి పనేముంది" అని నవ్వుకునేవాళ్లు.

ఇక మెడ సంగతి. జీపు వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. ట్రైలర్ ముందు పొడుగ్గా వచ్చిన ఇనుప మెడ, దాని చివర బోర్లించిన గిన్నె. గిన్నె పోయి గుండు మీద కూర్చుంటుంది. సామాను మామూలుగా సర్దితే ట్రైలర్ బరువులో కొంత ఆ మెడ గుండా జీపు మీద పడుతుంది. మా ట్రైలర్‌లో నీళ్ల డ్రమ్ములు, రాళ్ల నమూనాల పెట్టెలు, సిలిండరు అన్నీ ముందువైపే ఉండేవి. షెడ్డువాళ్లే అట్లా అమర్చి ఇచ్చారు. దానితో జీపు వెనక భాగం కుంగి, మూతి కొంచెం పైకి లేచి ఉండేది. ట్రైలర్ విప్పిన ప్రతిసారీ, కట్టిన ప్రతిసారీ ఆ మెడ లేపడానికి నేను, మీటరు సారు ఇద్దరం నడుములు పట్టుకోవాల్సి వచ్చేది.

నేను ఎడ్లబండి మీద పెరిగినవాణ్ణి. ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకొని పుండు పడితే మా నాయన రెండ్రోజులు అన్నం సరిగా తినేవాడు కాదు. "మెడ మీద బరువెయ్యకురా, నోరులేని జీవి" అనేవాడు. ఆ కుంగిన జీపును చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇంజనుకు నోరుంది కదా, మోత పెడుతుంది కదా అని తోచలేదు.

వనపర్తి దగ్గర మకాంలో ఉండగా ఒక సాయంత్రం కూర్చొని మొత్తం సామాను మార్చేశాను. డ్రమ్ములు, రాళ్ల పెట్టెలు, సిలిండరు, స్పేర్ టైరు అన్నీ ఇరుసుకు వెనక, ఆ పెద్ద అలమర పక్కకు జరిపాను. సిలిండరు నుంచి పొయ్యి దాకా పొడుగు ట్యూబు ఒకటి గోడ వెంట కట్టాను. తగిలించే ఉన్న జీపును చూస్తే మూతి తోక సమానంగా, గీత గీసినట్టు నిలబడింది. అందరినీ పిలిచి చూపించాను.

"శభాష్, ఇప్పుడు అందంగా ఉంది" అన్నది మేడం.

మీటరు సారు చుట్టూ తిరిగి చూసి, "నువ్వు డ్రైవరువి కాదన్నా, ఇంజినీరువి" అన్నాడు. ఆ మాట నేను మూడు రోజులు నెమరేసుకున్నాను. ఎడ్ల దగ్గర నేర్చుకున్న విద్య నాకు అదొక్కటే బాగా వచ్చింది.

మకాం ఎత్తి గద్వాల వైపు పోవాల్సిన రోజు వచ్చింది. మేడానికి పొద్దున్నే గద్వాలలో మీటింగు ఉండి మొదటి బస్సుకు వెళ్లిపోయింది. అక్క లోపల పొయ్యి మీద ఉప్మాకు ఎసరు పెట్టింది. ముందురోజు గ్రీజు పెట్టించడానికి జీపును విప్పినప్పుడు ఇద్దరం పట్టాం కాబట్టి మెడ తేడా తెలియలేదు, ఇప్పుడు ట్రైలర్‌ను మళ్లీ తగిలించాలి. మీటరు సారు మొహం కడుక్కుంటున్నాడు. పిలుద్దామనుకొని, చూద్దాం అని మెడ పట్టుకొని ఒక్క చేత్తో లేపాను.

లేచింది! దూదిపింజలా పైకి లేచింది. ఇద్దరు మనుషులు మూలిగే మెడ ఒక్క చేతికి లేచేసరికి నా ఆనందం పట్టలేక ఇంకొంచెం ఎత్తాను. ట్రైలర్ మొత్తం వెనక్కు వాలింది. లోపల గిన్నె జారిన చప్పుడు, వెంటనే అక్క కేక.

పరుగెత్తి చూస్తే కాగిన నీళ్లు ఆమె కుడికాలి మీద పడ్డాయి. పాదం నుంచి పిక్క దాకా ఎర్రగా కమిలింది. డ్రమ్ములోని చల్లనీళ్లు పోశాం. తడిబట్ట కప్పాం. "నా చెయ్యే జారినట్టుంది తమ్మీ" అన్నది పళ్లు బిగబట్టి. చెయ్యి జారలేదు, ఇల్లు జారింది. అది నాకు తెలుసు. ఆ మాట చెప్పకుండా ఇంకో చెంబు నీళ్లు పోశాను.

ఇక్కడ పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మెడ తేలిగ్గా లేవడం సంతోషించాల్సిన విషయం కాదు, భయపడాల్సిన విషయం. మొత్తం బరువు పది పాళ్లయితే ఒక పాలైనా బండి మీద కూర్చోవాలి. ఇది నాకు తర్వాత తెలిసింది. తెలియాల్సినవన్నీ నాకు తర్వాతే తెలుస్తాయి.

"గద్వాల పెద్దదవాఖానకు తీస్కపోదాం" అన్నాడు మీటరు సారు.

అక్క జీపులో కూర్చుని చూసింది. కాలు కిందికి వేలాడితే రక్తం దిగి మంట ఎక్కువైంది. రెండు నిమిషాలు కూడా ఓర్చుకోలేకపోయింది.

"లోపల మంచం మీద కాలు చాపుకొని పండుకో అక్కా" అన్నాను.

"నడుస్తున్నప్పుడు లోపల ఎవ్వరు ఉండొద్దని రూలుంది కదన్నా" అన్నాడు మీటరు సారు.

"ఆమె కాలు చూసి మాట్లాడు సారూ."

ఆయన కాలు చూశాడు, మాట్లాడలేదు. ఇద్దరం కలిసి ఆమెను మంచం మీద పడుకోబెట్టాం. ఆ మంచం కూడా వెనకవైపే. రోజూ బయలుదేరే ముందు సిలిండరు బంద్ చేసేది ఆమే. ఆ రోజు గాబరాలో పొయ్యి ఆర్పాం కాని, సిలిండరు సంగతి ఆమెకు గుర్తులేదు, మాకు అది మా పనని తెలియదు. తలుపు మూసి, నేను జీపెక్కాను.

ఇంకొకటి కూడా చెప్పి ముగిస్తే నా ఘనకార్యాల జాబితా పూర్తవుతుంది. గిన్నె గుండు మీదనుంచి లేవకుండా ఒక పిన్ను వేస్తారు. అది వారం కింద ఎక్కడో పడిపోయింది. దాని బదులు నేను కట్టుతీగ చుట్టాను. విడిపోయినా వదలకుండా పట్టుకోవాలని ఒక గొలుసు ఉంటుంది, దాని కొక్కెం సాగి నోరు తెరిచి ఉంది. గద్వాల పోయాక మార్పిద్దామనుకున్నాను.

పెబ్బేరు దాకా గుంతల రోడ్డు. మెల్లగా పోయాం, ఏమీ కాలేదు. పెబ్బేరులో ఆ రోజు పశువుల సంత. ఎద్దులు, బండ్లు, బేరగాళ్లు. ఇంకా మెల్లగా పోయాం. ఊరు దాటి హైవే ఎక్కాక రోడ్డు నున్నగా ఉంది. రోడ్డు అప్పటికింకా రెండు వరుసలే. అక్క కాలు కళ్లముందుంది, తొందరగా దవాఖాన చేరాలి. స్పీడు పెంచాను.

బీచుపల్లి వంతెన ఇంకా కొంత దూరం ఉండగా రోడ్డు కృష్ణ వైపు వాలుగా దిగుతుంది. ఎదురుగా ఒక లారీ గాలి కొట్టుకుంటూ పోయింది. ఆ గాలికి ట్రైలర్ తోక ఒకసారి ఇటు ఊగింది. తర్వాత అటు. ఒకసారి ఊగి ఆగుతుందనుకున్నాను. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదైంది. జీపు వెనక చక్రాలను ఎవరో పట్టుకొని పక్కకు గుంజుతున్నట్టు అనిపించింది. స్టీరింగు నా చేతిలోనే ఉంది, బండి నా చేతిలో లేదు.

"అన్నా, ఏమైతుంది? అన్నా!"

అప్పుడు చేయాల్సింది యాక్సిలరేటరు మీద కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకొని ఊరుకోవడం. ఊరుకోవడం నాకు చేతనైతే ఇంత కథే లేదు. గట్టిగా బ్రేకు తొక్కాను.

జీపు ఆగబోయింది. ట్రైలర్ ఆగలేదు. వెనక టప్పుమని తీగ తెగిన చప్పుడు, గొలుసు ఖణేల్‌మన్నది. జీపు ఒక్కసారిగా తేలికై ముందుకు దూకింది. మీటరు సారు ఎడమవైపు చూసి నోరు తెరిచాడు. నేనూ చూశాను.

మా ఇల్లు మమ్మల్ని దాటి పోతోంది.

మా పక్కనుంచే, మాకంటే ముందుకు, లాగే బండి లేకుండా, డ్రైవరు లేకుండా పోతోంది. పరదా ఎగురుతోంది. కడ్డీల వెనక అక్క మొహం. రెండు చేతులతో కడ్డీలు పట్టుకొని నా వైపు చూస్తోంది. అరవడం లేదు. ఈ బండి ఎటు పోతుందో నన్నే అడుగుతున్నట్టు చూస్తోంది. ఇంత దగ్గరగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. ఆ చూపు ఎంతసేపుందో నాకు తెలియదు. ఇప్పటికీ అయిపోలేదు.

ముందు వంతెన, కింద కృష్ణ. నా నోట్లో నుంచి ఏ దేవుడి పేరూ రాలేదు. ట్రైలర్ మెడ నేలకు తగిలి నిప్పులు రాల్చింది. తర్వాత ఎడమకు తిరిగి, రోడ్డు గట్టు దిగి, వేరుశనగ చేనులో ఎడమ పక్కకు పడిపోయింది. దుమ్ము లేచింది. దుమ్ము దిగేదాకా ఏ చప్పుడూ లేదు.

మేము దిగి పరుగెత్తాం. నా చెప్పు ఒకటి రోడ్డు మీదే ఉండిపోయింది. దగ్గరికి పోయేసరికి గ్యాస్ వాసన. తలుపు ఎడమవైపు ఉండేది, అది ఇప్పుడు నేలకింద ఉంది. ఆకాశం వైపున్న కిటికీకి కడ్డీలు.

"అక్కా!" అని పిలిచాను. "అక్కా!"

సమాధానం లేదు.

రోడ్డు మీద పోయేవాళ్లు ఒక్కొక్కరే దిగి వచ్చారు. వాళ్లలో ఒకాయన చెవిమీది బీడీ తీసి నోట్లో పెట్టుకొని అగ్గిపెట్టె తీశాడు. నేను ఆయన మీదికి దూకి అగ్గిపెట్టె గుంజుకొని దూరంగా విసిరేశాను. "పిచ్చి లేసిందా?" అన్నాడు. "గ్యాసు" అన్నాను. ఆయన బీడీ నోట్లోనే ఉంచుకొని వెనక్కు వెనక్కు నడిచాడు.

సంత నుంచి బండి కట్టుకొని వస్తున్న ఒక పెద్దాయన బండి ఆపి వచ్చాడు. తలపాగా, చేతిలో ముల్లుకర్ర.

"లోపలెవరున్నరు?"

"మా వంటక్క."

"తలుపేది?"

"కింద వడ్డది."

"కిటికీ?"

"కడ్డీలున్నయి."

"ఏ తెలివిగల్లోడు వెట్టిండు బండికి కడ్డీలు?"

మీటరు సారు నా వైపు చూశాడు. పెద్దాయనకు అది సరిపోయింది.

గడ్డపారతో పీకుదామని ఒకరన్నారు. ఇనుముకు ఇనుము తగిలి నిప్పు రాలితే అంతే అని ఇంకొకరు ఆపారు. ట్రైలర్‌ను ఎత్తి నిలబెడదామంటే లోపల ఆమె మీద డ్రమ్ములు, రాళ్ల పెట్టెలు దొర్లుతాయి. అవన్నీ వెనక ఒకే చోట పోగుపోసి పెట్టిన మహానుభావుణ్ణి నేనే కదా.

పెద్దాయన చట్రం చూశాడు, మరలు చూశాడు. "మోకు తెండ్రి" అన్నాడు. తన బండి విప్పి, ఎడ్లను కాడితో సహా గట్టు దించాడు. మోకు ఒక కొస చట్రానికి, ఇంకో కొస కాడికి కట్టాడు. ఎడ్లు బెదిరి చెవులు రిక్కించాయి.

"ఇయ్యాల్నే కొన్న. రాయచూరు దిక్కు ఎడ్లు" అన్నాడు. "నా మాట ఇంక ఇనయి."

"గుంజుమను" అన్నారెవరో.

"తెలుగు రాదు వీటికి!" అన్నాడు పెద్దాయన చిరాగ్గా. "అమ్మినాయన చెప్పిండు, ఏందో మాట... ఆగుండ్రి."

సరిగ్గా అప్పుడు లోపలినుంచి గరిటెతో రేకు మీద కొట్టిన చప్పుడు. ఒకటి, రెండు, మూడు. తర్వాత అక్క గొంతు, నీరసంగా, కోపంగా.

"సిలిండరు బంద్ జేసిన. జర మొత్తుకోకుండ్రి, తలకాయ నొస్తుంది."

నేను వేరుశనగ చేనులోనే కూలబడ్డాను. నవ్వానో ఏడ్చానో తెలియదు. చప్పుడైతే వచ్చింది.

"ఎళీ... ఎళీ!" అని పెద్దాయనకు మాట గుర్తొచ్చింది. ఎడ్లు కన్నడంలో విని, పాలమూరు నేలలో గిట్టలు దించి ముందుకు వంగాయి. మోకు బిగిసింది. చట్రం మూలిగింది. ఒక మర, రెండో మర, ఆ తర్వాత మొత్తం కడ్డీల చట్రం ఊడి చేనులో పడింది. నేను కిటికీలోంచి లోపలికి దిగాను.

బియ్యం. ఎక్కడ చూసినా బియ్యం. ఒక రాళ్ల పెట్టె పగిలి రాళ్లు పరుపు మీద పడి ఉన్నాయి. పరుపు కింద అక్క. పరుపే ఆమెను కాపాడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వెనక్కు వంగి ఉంది, చెయ్యి వంగకూడని వైపుకు. ఆ చేతితోనే పాకి, ఎడమచేత్తో సిలిండరు తిప్పింది. నన్ను చూసి ఆమె అడిగిన మొదటి మాట:

"తమ్మీ, నీ జీపుకేం కాలే గద?"

ఉద్యోగంలో నేను చాలా తిట్లు తిన్నాను. ఏదీ ఇంత గట్టిగా తగల్లేదు.

దవాఖానలో చేతికి కట్టు వేశారు, కాలికి మందు పెట్టారు. మధ్యాహ్నానికి మేడం వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. "ఎవరు ఎక్కించారు ఈమెను లోపల?" అని అడిగింది.

నేను నోరు తెరిచాను. అంతకంటే ముందే అక్క అన్నది: "నేనే ఎక్కిన మేడం. తమ్మికి తెల్వదు."

మీటరు సారు కిటికీ వైపు తిరిగాడు. నేను తెరిచిన నోరు మూశాను.

ఆఫీసువాళ్లు ఆ మాటనే కాగితం మీద పెట్టారు. డ్రైవరుకు తెలియకుండా, రూలుకు విరుద్ధంగా ఎక్కింది కాబట్టి ప్రమాదానికి ఆమెదే బాధ్యత. అంటే దవాఖాన ఖర్చు ఆమెదే, పని కూడా అక్కడితో సరి. అది ఆమెకు చదివి వినిపించారు. సరే అన్నది. గుమాస్తా సిరా డబ్బా తీసి, కుడిచెయ్యి కట్టులో ఉంది కదా, ఎడమ బొటనవేలు పెట్టమన్నాడు.

"ఏలిముద్ర నేనెయ్య" అన్నది అక్క.

"ఎందుకు?"

"రాత్రిబడికి పోయి సంతకం నేర్సుకున్న. మల్ల ఏలికి సిర పూస్కోను. కట్టు ఇప్పినంక వచ్చి సంతకం వెడ్త."

గుమాస్తా బతిమాలాడు. ఆమె కదల్లేదు. కాగితం సంతకం లేకుండా ఫైల్లో ఆగిపోయింది, కట్టు విప్పే రోజు కోసం. ఆ ఆరు వారాలే నాకు దొరికిన గడువు. మొదటి కొన్ని వారాలు దాన్ని నేను చక్కగా వృథా చేశాను.

"ఆమెనే చెప్పిందిగదన్నా, నువ్వెందుకు మెడకు తగిలించుకుంటవు?" అన్నాడు మీటరు సారు. ఆయన చెడ్డవాడు కాదు. నా పిల్లల చదువులు గుర్తుచేశాడు. నేను కూడా లారీ గాలిదే తప్పని నాకు నేను చెప్పుకుంటున్నాను. గాలి మీద తోసేస్తే గాలి వచ్చి జవాబు చెప్పదు కదా.

ట్రైలర్‌ను గద్వాలలో ఒక మెకానిక్ షెడ్డుకు చేర్చారు. సామాను ఎట్లా ఉండేదో చూపించమని మెకానిక్ అడిగితే, డ్రమ్ముల్లో నీళ్లు నింపి, పెట్టెలు వెనక పెట్టించాను. అతను మెడ కింద రెండు వేళ్లు పెట్టాడు. లేచింది.

"గిట్ల కట్టుకొని గంత దూరమెట్లొచ్చినవన్నా?" అన్నాడు. నవ్వుతూ కాదు, నిజంగా ఆశ్చర్యపడి. "ఎడ్లబండి ఎన్నడు తోల్లేదా? వెనక బరువైతే కాడి పైకి లేస్తది, ఎద్దు గొంతుకు తాడు బిగుస్తది. మెడ మీద జర బరువుండాలె గద."

మా నాయన మాట అప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. "మెడ మీద బరువెయ్యకు" అన్నాక ఆయన ఎప్పుడూ ఇంకో మాట అనేవాడు: "తేలనియ్యకు, ఉరి వడ్తది." నాకు జాలి ఉన్న సగం గుర్తుండి, జాగ్రత్త ఉన్న సగం పోయింది. షెడ్డులో ఆ మెడ గాలిలో ఊగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఆ సాయంత్రం రెండు తావులు రాశాను. సామాను మార్చింది నేను. మెడ ఒక్కచేత్తో లేస్తే సంతోషపడింది నేను, అక్క కాలు కాలింది అందువల్లే. లోపల పడుకోమన్నది నేను. పిన్ను బదులు తీగ, సాగిన కొక్కెం, బ్రేకు, కడ్డీలు అన్నీ నేనే. తీసుకుపోయి మేడం బల్ల మీద పెట్టాను. ఆమె రెండు తావులూ చదివింది. "అందంగా ఉందన్నాను నేను కూడా. అది కూడా రాయండి" అన్నది. రాయలేదు. నా తప్పుల్లో భాగస్వాములను చేర్చుకునేంత పెద్ద కంపెనీ కాదు నాది.

నాకు పడాల్సిన శిక్ష పడింది, దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు. అక్కది పనిలో జరిగిన ప్రమాదమని రాసుకున్నారు, వైద్యం ఆఫీసు చూసుకుంది. పెద్ద గిన్నె ఎత్తలేని చేతికి తర్వాత ఆఫీసులోనే వేరే పని ఇచ్చారు. కాని అవన్నీ తేలకముందే, కట్టు విప్పిన రోజు ఆమె నేరుగా ఆఫీసుకు వచ్చింది.

"సంతకం వెడ్తనన్న గదా, కాగితం తియ్యి" అన్నది గుమాస్తాతో.

"ఆ కాగితం ఇగ అక్కర్లేదు. డ్రైవరు వేరే రాసిచ్చిండు" అన్నాడతను.

"ఏం రాసిండు?"

ఇవ్వమని నేనే సైగ చేశాను. ఆమె నిలబడే, వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ బయటికి చదివింది. నా అక్షరాలు కోడిగీతలు. చాలా ఆలస్యమైంది. ఆఫీసంతా వింటోంది. నా తప్పులను రాత్రిబడి చదువు అంత మెల్లగా చదువుతుంటే ఏ ఒక్కటీ దాటిపోలేదు. "నీ...ళ్ల... డ్ర...మ్ము...లు... వె...న...క..." దగ్గర ఆగింది. మళ్లీ చదివింది. తలెత్తి నన్ను చూసింది.

"నేను ఎక్కవట్టి గాదా?"

"ఏందక్కా?"

"నేను ఎనకకు వండుకున్న గద. నా బరువుకే బండి ఊగిందనుకున్న. నేను ఎక్కకుంటే మీరిద్దరు మంచిగ పోయేటోళ్లు, నేనెక్కి మీ పానాల మీదికి తెచ్చిన అనుకున్న." ఆమె కాగితం కిందికి దించింది. "ఇన్ని దినాలు నిద్ర లేదు తమ్మీ నాకు."

ఆమె నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పిందనుకున్నాను. అబద్ధం కాదు. తప్పు తనదేనని ఆమె నిజంగా నమ్మింది. అన్ని వారాలు నేను నా ఉద్యోగం కోసం నోరు మూసుకుంటే, ఆమె అక్కడ ఇద్దరు మనుషుల ప్రాణాలు తన తలమీద పెట్టుకొని కూర్చుంది. ట్రైలర్ మమ్మల్ని దాటిపోయినప్పుడు కూడా నేను ఇంతగా అదరలేదు.

"కాదక్కా" అన్నాను. "నీ బరువు కాదు. అంతా నేను మార్చిన బరువు."

ఆమె కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. గుమాస్తా చేతిలోంచి పెన్ను తీసుకొని, "దీంట్ల నేనేడ వెట్టాలె సంతకం?" అని అడిగింది.

"ఇందులో నీ సంతకం అవసరం లేదమ్మా" అన్నాడతను.

"ఉన్నది" అన్నది. ఎడమచేత్తో కాగితాన్ని ఒత్తిపట్టి, వంకరగా అతికిన మణికట్టుతో నా పేరు కింద తన పేరు రాసింది. అక్షరాలు గీత దాటి పైకి ఎక్కాయి. రాయడం అయ్యాక సిరా ఆరేదాకా ఊదింది.

"ఇగ మాట మార్చనీకె రాదు తమ్మీ నీకు" అన్నది.